పాత తేదీలతో సంతకాలు పెట్టించమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో ముప్పై పడకల సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) హెడ్ నర్సుగా చేస్తున్నాను. వచ్చే నెల ఎన్‌క్యూఏఎస్ (ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) అసెస్‌మెంట్ ఉంది. ఏడాదిగా మా దగ్గర ట్రైనింగులు సరిగా జరగలేదు. ఇప్పుడు సూపరింటెండెంట్ గారు నన్ను ట్రైనింగ్ నోడల్‌గా (బాధ్యురాలిగా) వేసి ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. బయోమెడికల్ వేస్ట్ (ఆసుపత్రి చెత్త), హెచ్ఐవీ చట్టం, పోష్ (పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం), పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఫైర్ సేఫ్టీ, అన్నీ ఇంగ్లీషు స్లైడ్లే. "ఒక మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి చూపించెయ్యమ్మా. నెలకొక తేదీ వేసి ఏడాదికి సరిపడా సంతకాలు పెట్టించెయ్" అన్నారు. డాక్టర్ల నుంచి శానిటేషన్ వాళ్ళ దాకా నలభై మందిమి ఉంటాం. శానిటేషన్ వాళ్ళు ఏజెన్సీ మనుషులు, వాళ్ళలో ఇద్దరికి చదువు రాదు. డాక్టర్లు ట్రైనింగ్ అంటే రారు. నైట్ చేసి వచ్చినవాళ్ళు కూర్చుంటే నిద్రపోతారు. సార్ మంచివారే, ఎదురు చెప్పలేను. సంతకాలు పెట్టించాలా? ఈ ట్రైనింగ్ అసలు ఎట్టా చెప్పాలి? ఈ నోడల్ పని నాకొద్దు అనే వీలుందా?
ఒక హెడ్ నర్సు

జవాబు: పాత తేదీలతో సంతకాలు పెట్టించకండమ్మా. మీ మూడు ప్రశ్నల్లో దీనికి మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు.

నీతి సంగతి పక్కన పెట్టి, పనికొచ్చే లెక్కలోనే చెబుతాను. ఏడాది కిందటి తేదీ వేసి నలభై మంది చేత సంతకం పెట్టిస్తే, ఆ రోజు వాళ్ళలో ఎవరు డ్యూటీలో ఉన్నారో మీకు గుర్తుంటుందా? ఒకామె ప్రసూతి సెలవులో ఉండి ఉంటుంది. ఒకాయన అప్పటికి మీ ఆసుపత్రికి బదిలీ అయ్యే ఉండడు. ఏజెన్సీ వాళ్ళు ఈ ఏడాదిలో ఎంతమంది మారారో ఏజెన్సీకే సరిగా తెలియదు. ఇప్పుడు హాజరు ముఖం చూపించి వేస్తున్నాం కదా, ఆ వివరం కంప్యూటర్లో నిలిచి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ రిజిస్టర్ అబద్ధమని ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అప్పుడు తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. చెప్పాల్సింది సార్ కాదు, రిజిస్టర్ రాసిన మీరు.

సార్ భయానికి కారణం నాకు అర్థమవుతుంది. ట్రైనింగ్ జరగలేదని రాస్తే మార్కులు పోతాయని ఆయన అనుకుంటున్నారు. అయితే చట్టం రాసినవాళ్ళే అందరికీ ట్రైనింగ్ జరగదన్న సంగతి ముందే ఊహించి పెట్టారు. 2016 మార్చి 28న వచ్చిన బయోమెడికల్ వేస్ట్ నియమాలు తీసి చూడండి. ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికొకసారి, చెత్త ముట్టుకునే ప్రతి మనిషికీ శిక్షణ ఇవ్వాలి. ప్రతి ఏడాదీ జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి పంపే వార్షిక నివేదికలో ఎంతమందికి శిక్షణ ఇచ్చామో రాయాలి, ఎంతమందికి ఇవ్వలేదో కూడా రాయాలి. "ఇవ్వలేదు" అన్న అంకె కోసం గడి ఉన్న ఫారం అది. ఆ గడిలో నిజం రాసి, దాని పక్కన రాబోయే నెలల ప్రణాళిక పెట్టినవాళ్ళు లోపం దిద్దుకుంటున్నవాళ్ళుగా కనబడతారు. సున్నా రాసినచోట మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి.

అసెస్‌మెంట్ జరిగే తీరు కూడా సార్‌కు ఒకసారి గుర్తు చేయండి. ఎన్‌క్యూఏఎస్ చెక్‌లిస్టులో ప్రతి అంశం ఎదుట దాన్ని ఎలా పరీక్షించాలో గుర్తులు ఉంటాయి: చూసి, సిబ్బందిని అడిగి, రికార్డు తిరగేసి, పేషెంటును అడిగి. రిజిస్టర్ ఆ నాలుగింటిలో ఒక్కటే. అసెస్సర్ వార్డులోకి వచ్చి, మీ ప్రజెంటేషన్ సంగతి వదిలేసి, మూల నిలబడ్డ స్వీపరమ్మను పిలిచి, "రక్తం కింద పడితే ఏం చేస్తావమ్మా?" అంటాడు. ఆమె మీ మొహం చూస్తుంది. పన్నెండు నెలల సంతకాలు ఆ చూపుతో పోతాయి. ట్రైనింగులు ఆలస్యంగా మొదలైనా, అడిగినదానికి ఆ తల్లి టకటకా చెబితే మీకు మార్కు పడుతుంది.

కాబట్టి సార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్ళకండి. "సార్, పాత తేదీలు వేస్తే హాజరుతో కలవదు, మీకే ఇబ్బంది వస్తుంది. ఈ రోజు నుంచి అసెస్‌మెంట్ దాకా రోజుకొక పావుగంట చొప్పున ప్లాన్ రాసుకొచ్చాను. మీరు సంతకం పెడితే రేపు పొద్దున మొదలుపెడతాను" అనండి. మంచి మనిషి అంటున్నారు కాబట్టి ఒప్పుకుంటారు. చేతిలో వేరే దారి ఏదీ లేక ఆయన ఆ మాట అన్నారు, ఇప్పుడు మీరొక దారి చూపిస్తున్నారు. ఒకవేళ ఒప్పుకోకపోతే అదే ప్లాన్‌ను ఒక నోట్‌గా రాసి, తేదీ వేసి, ఆఫీసులో ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. గొడవ పడొద్దు. జిల్లాలో ఆసుపత్రుల పైఅధికారి డీసీహెచ్ఎస్ దాకా వెళ్ళాల్సిన అవసరం కూడా నాకు కనబడటం లేదు. ఆ కాపీ చాలు.

ఇక ఎట్టా చెప్పాలన్నది. ఒక మధ్యాహ్నం నలభై మందిని కూర్చోబెట్టే ఆలోచనను ముందు వదిలేయండి. ముప్పై పడకల ఆసుపత్రిలో నలభై మందినీ ఒకేచోట కూర్చోబెట్టామంటే లేబర్ రూమ్‌లో ఎవరూ లేరని అర్థం. డ్యూటీ మారే వేళ ఎలాగూ రెండు షిఫ్టుల వాళ్ళు కలుస్తారు. హ్యాండోవర్ అయ్యాక పది, పదిహేను నిమిషాలు, ఒకే ఒక్క విషయం. అదే విషయాన్ని వారమంతా మూడు షిఫ్టుల్లోనూ చెబితే నైట్ వాళ్ళను నిద్ర ఆపి కూర్చోబెట్టే పని ఉండదు. నైట్ వాళ్ళకు రాత్రి ఎనిమిదింటికి, డ్యూటీ ఎక్కేటప్పుడే చెప్పండి. పొద్దున దిగేటప్పుడు చెప్పింది ఇంటికి పోయే బస్సులోనే పోతుంది.

పెన్‌డ్రైవ్ డాక్టర్లకు పనికొస్తుంది, ఉంచండి. మిగతావాళ్ళ కోసం మీ ఆసుపత్రి వస్తువులే బల్ల మీద పెట్టండి. వాడని ఐవీ సెట్టు, సిరంజి, గ్లౌజు, పగిలిన ఇంజెక్షన్ సీసా, దూది, మూత్రం సంచి, కాలం చెల్లిన మాత్రల స్ట్రిప్పు. దూదికి రక్తం బదులు కాస్త కుంకుమ నీళ్ళు. ఒక్కొక్కరినీ పిలిచి ఏది ఏ డబ్బాలోకి వెళ్తుందో వేయించండి. రక్తం అంటిన దూది, మావి, డ్రెస్సింగ్ గుడ్డలు, కాలం చెల్లిన మందులు పసుపు సంచిలోకి. ఐవీ సెట్టు, కాథెటర్, మూత్రం సంచి, సూది తీసేసిన సిరంజి, గ్లౌజులు ఎర్ర సంచిలోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలం పెట్టెలోకి. చదువు రాని ఇద్దరికీ ఇందులో ఏ ఇబ్బందీ ఉండదు. నా అనుభవంలో తప్పులు ఎక్కువ చేసేది చదువుకున్నవాళ్ళే, అది కూడా గ్లౌజు దగ్గర. సగం మంది పసుపులో పడేస్తారు. సూది తీయకుండానే సిరంజిని ఎర్ర సంచిలో పడేసే పని ఎవరిదో మీకూ నాకూ తెలుసు, చెత్త ఊడ్చే ఆమె మాత్రం ఆ పని చేయదు.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ట్రైనింగ్ మొత్తంలో మనిషి ప్రాణానికి నేరుగా తగిలేది ఇదే. సంచిలో కనబడకుండా పడున్న సూది, సంచి మూతి కట్టే ఆమె అరచేతిలో గుచ్చుకుంటుంది. ఆ సూది ఎవరికి వాడారో ఆమెకు తెలియదు. హెచ్ఐవీ ఉన్న రక్తంతో సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా వేసుకోని మనిషికి వందలో ముప్పై దాకా ఉండవచ్చు. అందరూ మొదటిదానికి భయపడతారు, రెండోదాని పేరే చాలామందికి తెలియదు. ఆ రెండోదానికి టీకా ఉంది. చెత్త ముట్టుకునే వాళ్ళందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించడం 2016 నియమాల ప్రకారం ఆసుపత్రి బాధ్యత. "వాళ్ళు ఏజెన్సీ మనుషులు, ఏజెన్సీ చూసుకుంటుంది" అనే మాట ఎవరన్నా వినకండి. నియమం జీతం ఎవరిస్తారో అడగదు, చెత్త ఎవరు ముట్టుకుంటారో అడుగుతుంది.

గుచ్చుకున్నాక ఏం చేయాలో స్లైడుతో చెప్పకండి, చేయించండి. గుచ్చుకున్న వేలిని నోట్లో పెట్టుకోవడం, రక్తం పిండడం, బ్లీచింగ్ పోయడం, ఈ మూడూ వద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో కడగాలి. కంట్లో చిమ్మితే నీళ్ళతో కడగాలి. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. డాక్టరు చూసి అవసరమనుకుంటే హెచ్ఐవీ సోకకుండా వాడే పీఈపీ మందు మొదలుపెడతారు. వీలైతే రెండు గంటల్లోపే పడాలి, 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం ఉండదు, మొదలుపెట్టాక 28 రోజులు ఆపకుండా వాడాలి. ఇంతవరకూ పుస్తకంలో ఉంది. మీ ఆసుపత్రికి సంబంధించిన ప్రశ్న పుస్తకంలో ఉండదు: రాత్రి రెండింటికి గుచ్చుకుంటే ఆ మందు ఏ గదిలో ఉంది, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంది? చాలా చోట్ల మందు హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ఐసీటీసీ గదిలో ఉంటుంది, తాళం కౌన్సెలర్ దగ్గర ఉంటుంది, కౌన్సెలర్ సాయంత్రానికి ఊరికి వెళ్ళిపోయి ఉంటారు. రెండు గంటల లెక్క అక్కడే పోతుంది. మీరు ట్రైనింగ్ మొదలుపెట్టకముందే సార్‌తో మాట్లాడి మొదటి డోసులు క్యాజువాలిటీలోనో లేబర్ రూమ్‌లోనో పెట్టించండి. అది జరక్కుండా సూది గురించి ఎంత బాగా చెప్పినా వినేవాళ్ళకు అందేది భయం ఒక్కటే.

ఇంకొకటి. గుచ్చుకున్నట్టు చెబితే తిడతారని వాళ్ళు దాస్తారు. ఏజెన్సీ మనిషి అయితే పని పోతుందని దాస్తుంది. ఇలాంటి చిన్న ప్రమాదాలను కూడా వార్షిక నివేదికలో చూపించాలి. కాబట్టి "చెప్పినవాళ్ళను ఎవరూ ఏమీ అనరు" అన్న మాట సార్ నోటితోనే, శానిటేషన్ వాళ్ళ ముందే చెప్పించండి. మీరు చెబితే సగమే నమ్ముతారు.

చెత్త బండి సంగతి కూడా ఒక మాట. మెట్ట మండలాలకు అది రోజూ రాదని నాకు తెలుసు. రక్తం అంటినవి, మావి లాంటి శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఉంచకూడదు. ఏ కారణంగానైనా ఉంచాల్సి వస్తే ఎవరికీ హాని జరగకుండా చూసుకుని, కారణం రాసి, కాలుష్య మండలికి తెలియజేయాలి. బండి రాని రోజున ఒక ఈమెయిల్ పంపించి దాని కాపీ ఫైల్లో పెట్టించండి. మూడు నెలల పాటు అలా చేస్తే బండి కూడా సరిగా రావడం మొదలవుతుంది. ముప్పై పడకల ఆసుపత్రి కాబట్టి వ్యర్థాల కమిటీ కూడా ఉండాలి, అది ఆరు నెలలకోసారి కూర్చోవాలి. ఆ మినిట్స్ పుస్తకం ఎక్కడుందో వెతకండి.

రెండో వారం రహస్యం గురించి పెట్టుకోండి. మన ఊళ్ళలో ఇది అన్నింటికంటే కష్టం. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఎవరికి ఎవరూ తెలియరు. మీ సీహెచ్‌సీలో ఓపీ చీటీ రాసే అబ్బాయిదీ, వరసలో నిలబడ్డ పేషెంటుదీ ఒకే ఊరు. హెచ్ఐవీ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదని, ఒప్పుకోకుండా ఫలితం ఎవరికీ చెప్పకూడదని, ఆ కారణంతో వైద్యం నిరాకరించకూడదని అందులో ఉంది. ఇవి అందరూ వల్లిస్తారు. అయితే తప్పు మాటల్లో జరగదు. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో గీత గీస్తాం. మంచం దగ్గర ఒక గుర్తు పెడతాం. ఆ ఒక్క పేషెంటు దగ్గరికే రెండు జతల గ్లౌజులు వేసుకుని వెళ్తాం. వార్డులో మిగతా తొమ్మిది మందికీ విషయం అర్థమైపోతుంది, ఎవరూ ఒక్క మాట కూడా అనకుండానే. అందరికీ ఒకేరకం జాగ్రత్త అనే సూత్రం ఉన్నది అందుకే. ప్రతి పేషెంటు రక్తాన్నీ సోకేదిగానే భావించి గ్లౌజు వేసుకుంటే ఏ ఒక్కరికీ ప్రత్యేక గుర్తు అక్కర్లేదు. ఇదే చట్టం, సిబ్బందికి ఆ జాగ్రత్తల సామగ్రి, వాటి వాడకంలో శిక్షణ, అవసరమైతే పీఈపీ ఇవ్వడం కూడా ఆసుపత్రి బాధ్యత అంటుంది. కనీసం ఇరవై మంది ఉన్న ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారిని కూడా పెట్టమంటుంది. మీరు నలభై మంది, కాబట్టి ఆ పేరు ఎవరిదో సార్‌ను అడగండి.

వాట్సాప్ గ్రూపుల గురించి గట్టిగా చెప్పండి. "సార్, ఈ కేసు చూడండి" అని పేషెంటు మొహం, పేరు, ఆధార్ కార్డు కనబడేలా ఫొటో తీసి, ముప్పై మంది ఉన్న గ్రూపులో పెడతారు. ఉద్దేశం మంచిదే. డాక్టరుకు విడిగా పంపినా పని జరుగుతుంది, మొహం తీయకుండా గాయం ఒక్కటే తీసినా జరుగుతుంది. పాముకాటు కేసు బతికిందని సంతోషంతో పేషెంటుతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టే కుర్రవాళ్ళకు ఇది అర్థం కావడానికి కాస్త సమయం పడుతుంది. తిట్టకండి. "మీ అక్క లేబర్ రూమ్ ఫొటో ఎవరైనా ఇలా పెడితే?" అని ఒక్క ప్రశ్న చాలు.

మూడో వారానికి పోక్సో. స్లైడుల్లో ఇది సెక్షన్ల పట్టికగా ఉంటుంది. మీకు మాత్రం ఇది గర్భిణులను చూసే ఏఎన్‌సీ ఓపీలో ఎదురవుతుంది. కొత్తగా పెళ్ళైన అమ్మాయి, నాలుగో నెల, వెంట అత్తగారు. ఆధార్ చూస్తే పదిహేడు నిండలేదు. "పెళ్ళయింది సిస్టర్, మా పెద్దోళ్ళందరి ముందరే అయింది, వయసు పద్దెనిమిదని రాయండి" అంటుంది అత్తగారు. రాసేసే చేతులు ఉన్నాయి. జాలితోనే రాస్తాయి. కానీ పద్దెనిమిది లోపు భార్యతో శారీరక సంబంధం నేరమేనని, దానికి పెళ్ళి మినహాయింపు కాదని 2017 అక్టోబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ, సంస్థకు బాధ్యుడైన వ్యక్తికి అయితే ఏడాది దాకా. అంటే వయసు దిద్దిన సిస్టర్‌కే కాదు, సార్‌కు కూడా.

ఇది చెప్పగానే మీ సిబ్బందికి రెండో భయం పట్టుకుంటుంది: "పోలీసులంటే ఆ పిల్ల మళ్ళీ ఆసుపత్రికి రాదు, ఇంట్లోనే ఏదో మాత్ర మింగి చస్తుంది." ఆ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. అందుకే క్రమం నేర్పించండి. ముందు వైద్యం. రక్తం పరీక్ష, బీపీ, స్కానింగ్ ఏదీ ఆపకూడదు, పోలీసులు వచ్చేదాకా ఆగమనకూడదు. అత్యాచార బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టం చెబుతుంది, చేయకపోవడం శిక్షార్హమైన నేరం. తర్వాత అమ్మాయితో విడిగా, అత్తగారు లేకుండా, మెత్తగా మాట్లాడాలి. ఆ తర్వాత నర్సు డాక్టరుకు తెలియజేసి, తెలియజేసినట్టు కేస్ షీట్‌లో సమయంతో సహా రాయాలి. డాక్టరు ద్వారా పోలీసులకు ఇంటిమేషన్ వెళ్తుంది. గర్భం తీయించుకోవాలనుకునే మైనర్ విషయంలో, అమ్మాయీ సంరక్షకులూ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు బయటపెట్టక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలామంది సిస్టర్లకు గుండె మీద బరువు దిగుతుంది. ఈ పాఠం మాత్రం మీరు చెప్పకండి, లేడీ డాక్టరు గారి చేత చెప్పించండి. వయసు దిద్దే చేతికి ఆవిడ మాటే అడ్డు పడుతుంది.

డాక్టర్లు రారన్న మీ బాధకు మందు కూడా ఇందులోనే ఉంది. కూర్చుని వినమంటే రారు. చెప్పమంటే వస్తారు. పోక్సో గైనకాలజిస్టు గారికి, పీఈపీ మెడికల్ ఆఫీసరు గారికి, రక్తం ఒలికితే ఏం చేయాలో ల్యాబ్ టెక్నీషియన్‌కు అప్పజెప్పండి. పావుగంట మాట్లాడమంటే ముందురోజు రాత్రి చదువుకుని వస్తారు. ట్రైనింగ్ వాళ్ళకూ అయిపోయినట్టే. రిజిస్టర్లో వాళ్ళ పేరు "చెప్పినవారు" గడిలో పడుతుంది, అది వాళ్ళకూ ఇష్టమే.

పోష్ విషయంలో క్లాసు కంటే ముందు కమిటీ ఉందో లేదో చూడండి. కనీసం పదిమంది ఉన్న ప్రతి కార్యాలయంలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. పెద్ద హోదాలోని మహిళ అధ్యక్షత వహించాలి, కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. గోడ మీద బోర్డు ఉండి, తన పేరు అందులో ఉందని ఆ సభ్యురాలికే తెలియని ఆసుపత్రులు ఉన్నాయి. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వవచ్చని, ఏజెన్సీ మహిళలు, ట్రైనింగుకు వచ్చే విద్యార్థినులు కూడా ఇవ్వవచ్చని చెప్పండి. ఇది మహిళలతో విడిగా ఒకసారి, అందరితో కలిపి ఒకసారి చెప్పడం మంచిది. ఫైర్ సేఫ్టీకి దగ్గరి ఫైర్ స్టేషన్‌కు ఒక లేఖ రాయించండి, వాళ్ళే వచ్చి మీ ఆవరణలో మంట పెట్టి ఆర్పించి చూపిస్తారు. సెక్యూరిటీ గార్డు చేత ఒక్కసారైనా సిలిండర్ పిన్ను లాగించండి. అంతకంటే దానికి ఎక్కువ సమయం అక్కర్లేదు.

ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగిలో కోర్సులు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు ఉంటే ఫైల్లో కలపండి, మంచిదే. కానీ ఫోన్ పక్కన పెట్టి వీడియో నడిపించి తెచ్చుకున్న సర్టిఫికెట్లు ఎన్నో మీకూ తెలుసు. సూది, సంచి, పీఈపీ, ఈ మూడింటికీ సర్టిఫికెట్ ఉన్నా మీ బల్ల దగ్గరికి వచ్చి చేసి చూపించాల్సిందే అనండి.

రిజిస్టర్ ఇప్పుడు ఎలా రాయాలో చెబుతాను. కొత్త పుస్తకం తీయండి, పాతదాన్ని ముట్టుకోకండి. తేదీ, సమయం, షిఫ్టు, విషయం, చెప్పినవారు, వచ్చినవారి సంతకాలు. దాని కింద రానివారి పేర్లు, ఎందుకు రాలేదో, మళ్ళీ ఎప్పుడు చెబుతారో. నా లెక్కలో ఆ పుస్తకంలో విలువైన భాగం ఆ రానివారి వరసే. చదువు రాని ఇద్దరి దగ్గర వేలిముద్ర తీసుకుని, పక్కన "సంచులు వేరు చేసి చూపించారు" అని రాసి, చూసినవారు సంతకం పెట్టాలి. చివర్లో మీరు అడిగిన రెండు మూడు ప్రశ్నలు, ఎంతమంది సరిగా చెప్పారో రాయండి. తక్కువమంది చెబితే తక్కువే రాయండి. పదిహేను రోజుల తర్వాత అవే ప్రశ్నలు మళ్ళీ అడిగి ఆ అంకె కూడా రాయండి. మొదటి పేజీలో ఒక్క వాక్యం సార్ సంతకంతో ఉండాలి: గత సంవత్సరం శిక్షణలు క్రమంగా జరగలేదు, ఫలానా తేదీ నుంచి ఈ ప్రణాళిక ప్రకారం జరుగుతున్నాయి. అసెస్సర్ మొదట చదివేది అదే అవుతుంది, కాబట్టి దాపరికం గురించి ఇక ఎవరూ కంగారు పడక్కర్లేదు.

శానిటేషన్ వాళ్ళతో మొదలుపెట్టండి, డాక్టర్లతో కాదు. ప్రమాదం ఎక్కువ ఎవరికో వాళ్ళకు ముందు. మొదటిరోజు వాళ్ళు, "ఇన్నేళ్ళు లేంది ఇప్పుడు ఏంది సిస్టరమ్మా, ఎవురన్నా పెద్దోళ్ళు వొస్తన్నారా?" అంటారు. అవును, వస్తున్నారు అని నిజమే చెప్పండి. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ప్రతి నెలా ఇలాగే కూర్చుంటాం అని కూడా చెప్పండి, కానీ చెప్పాక కూర్చోండి. చేతికి వేసుకునే మందపాటి గ్లౌజులు, బూట్లు లేకుండా వాళ్ళను బల్ల దగ్గరికి పిలవకండి. ఆ సామాను ముందు ఇప్పించండి.

నోడల్ పని వద్దనే వీలు పెద్దగా లేదమ్మా. హెడ్ నర్సుకు కాక ఇంకెవరికి వేసినా చివరికి మీ దగ్గరికే వస్తుంది. వద్దనే బదులు మూడు అడగండి: లిఖితపూర్వకంగా ఆర్డరు, వారానికి రెండు గంటలు రోస్టర్‌లో మినహాయింపు, మీరు సెలవులో ఉంటే చూసుకోవడానికి ఇంకొక స్టాఫ్ నర్సు పేరు. ఈ మూడూ ఒకే కాగితంలో ఉండాలి. ఆ కాగితం చేతికి వచ్చిన రోజే స్టోర్‌కు వెళ్ళి హెపటైటిస్ బి టీకా స్టాకు చూడండి. లేకపోతే ఇండెంట్ అప్పుడే పెట్టించండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది కాబట్టి, శానిటేషన్ వాళ్ళకు ఈ నెల మొదలుపెడితే ఆరు నెలల్లో మూడూ పూర్తవుతాయి.